నిమ్మ చిగుళ్ల మీద వెండి గీతలు... ఎవరికైనా తగ్గిందా?

మిద్దెతోట: డ్రమ్ములో పెట్టిన నిమ్మ మొక్క. వచ్చిన చిగురల్లా ముడుచుకుపోతోంది. ఆకుల మీద నత్త పాకినట్టు మెరిసే గీతలు. షాపులో ఇచ్చిన మందు మూడుసార్లు కొట్టాను, డబ్బులు దండగ. వైరస్సేమోనని టెన్షన్‌గా ఉంది.

గూడూరు నిమ్మ: వైరస్ కాదమ్మా, పాముపొడ. ఒక ఆకు కోసి ఎండకు పట్టి చూడండి. గీత మధ్యలో సన్నటి నల్ల దారంలా ఉంటుంది, అది పురుగు పెంట. గీత చివర లేత పసుపు రంగులో పురుగు ఉంటుంది. ఆకు పైపొర కిందే దాని కాపురం, మీ మందు దాకా అది రాదు, దాని దాకా మందు పోదు.

మిద్దెతోట: కనిపించిందండీ! నూగుగింజంత కూడా లేదు. ఇదా ఇంత పని చేసింది?

గూడూరు నిమ్మ: ఇదే. పెద్దయ్యాక ఆకు అంచు మడిచి అందులో పడుకుంటుంది. బయటికొచ్చే రెక్కల పురుగు తెల్లగా, రెక్కల చివర నల్లచుక్కతో ఉంటుంది. రెక్కలు చాచినా 4 మి.మీ. గుడ్లు లేత ఆకుల మీదే పెడుతుంది, ముదురాకు జోలికి పోదు.

బాల్కనీ రాజు: నేనైతే ముడతాకులన్నీ కత్తిరించి పారేశా.

గూడూరు నిమ్మ: తమ్ముడూ, కత్తిరిస్తే మళ్లీ చిగురు తోస్తుంది, దానికి మళ్లీ విందు. గీతలు పడ్డా ఆకు పచ్చగా ఉన్నంతవరకు చెట్టుకు తిండి పెడుతుంది. గజ్జి మచ్చలుంటే మాత్రం తీసెయ్. వానాకాలంలో ఆ గాయాల్లోంచే గజ్జి తెగులు దూరుతుంది. మా తోటలో అసలు భయం దానికే.

ఫ్లోరిడా పెరడు: ఇక్కడా ఇదే గోల. 1856లో కలకత్తా పురుగుల్ని చూసి పేరు పెట్టారట, 1993లో ఫ్లోరిడాలో దిగింది. మనకన్నా ముందే వచ్చింది, వీసా లేకుండా! మరుసటేడు దీన్ని చంపే బుల్లి కందిరీగను ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలారు. అందుకే నేను ఘాటు మందులు కొట్టను, ముందు చచ్చేది ఆ కందిరీగే.

మిద్దెతోట: మరి నేనేం చేయాలి?

గూడూరు నిమ్మ: చిగురు అంగుళం రాగానే, సాయంత్రం పూట, లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి కొట్టండి. వారానికోసారి, ఆకు ముదిరేదాకా. యూరియా ఆపండి.

మిద్దెతోట: నెల తర్వాత చెబుతున్నా. కొత్త కొమ్మలో పది ఆకులకు రెండిటికే గీతలు. కానీ ఇప్పుడు పిట్టరెట్టలా ఉన్న ఇంకో పురుగు ఆకులు కొరుకుతోంది!

ఫ్లోరిడా పెరడు: అది సీతాకోకచిలుక పిల్ల, చంపకండి. కరివేపాకు చెట్టు మీదికి మార్చండి, అదీ తింటుంది.

మిద్దెతోట: కరివేపాకా? మా అత్తగారు నన్ను మారుస్తారు.