పదో తరగతి సైన్సు పరీక్షలో "ప్రశ్నలు రాయండి" అనే ప్రశ్న ఉండాలా, తీసేయాలా?

బయాలజీ టీచర్, తెలంగాణ:
2014లో పదో తరగతికి కొత్త పుస్తకాలు వచ్చినప్పుడు 'ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం' ఒక విద్యాప్రమాణంగా పెట్టారు. చాలా మంచి ఆలోచన. కానీ పరీక్షలకు వచ్చేసరికి అది "నెఫ్రాలజిస్టును కలిస్తే కిడ్నీల గురించి ఏమేం అడుగుతావు?" అనే మూసలో పడిపోయింది. గైడ్లలో రెడీగా ఉంటాయి: కిడ్నీలు ఎందుకు పాడవుతాయి? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? ఏం తినాలి? కిడ్నీ తీసేసి గుండె అని రాసినా ఇవే పనికొస్తాయి. పిల్లలు ప్రశ్నల్ని కూడా బట్టీ పట్టి రాస్తుంటే మేం మార్కులు వేస్తున్నాం. ఇందులో కుతూహలం ఎక్కడుంది? పబ్లిక్ పరీక్షలోంచి ఈ మార్కులు తీసేయాలి.

ఫిజిక్స్ టీచర్:
ఒప్పుకోను మేడం. మార్కులు లేకపోతే ఆ పని ఎవరూ చేయించరు. పదో తరగతిలో సిలబస్, రివిజన్, స్పెషల్ క్లాసులతోనే ఏడాది గడిచిపోతుంది. లోపం ప్రశ్నపత్రంలో ఉంది. డాక్టరు బదులు ఒక పరిశీలన ఇవ్వండి. ఒకే బ్యాటరీకి రెండు బల్బుల్ని శ్రేణిలో కలిపితే వెలుగు తగ్గింది, సమాంతరంగా కలిపితే దాదాపు తగ్గలేదు. ప్రయోగం చేసి తేల్చగలిగే రెండు ప్రశ్నలు రాయమనండి. "శ్రేణిలో ఒక బల్బు ఊడదీస్తే రెండోది వెలుగుతుందా?" అని రాసినవాడికి నిండుగా మార్కులు వేయొచ్చు.

తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి:
మా పాప డౌట్లన్నీ ఇంటికొచ్చి నన్ను అడుగుతుంది. క్లాసులో లేస్తే అందరూ నవ్వుతారని టెన్షన్. "ఇందాకే చెప్పాను కదా, వినలేదా?" అనే మాట ఒక్కసారి పడితే చాలు, మళ్లీ లేవదు. ముందు ఆ భయం పోయే దారి చెప్పండి.

బయాలజీ టీచర్:
అసలు సంగతి మీరు చెప్పారు మేడం. టీచరు ప్రశ్న వేశాక జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నట్టు అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబుల నిడివీ పెరిగింది, పిల్లలు అడిగే ప్రశ్నలూ పెరిగాయి.

మా క్లాసులో ఆకులో పిండిపదార్థం పరీక్ష చేస్తుంటే ఒక పాప అడిగింది: "ఎర్ర తోటకూరలో పచ్చదనమే లేదు కదా టీచర్, మరి ఆహారం ఎలా తయారుచేసుకుంటుంది?" నేను జవాబు చెప్పకుండా మర్నాడు ఆకు తెమ్మన్నాను. నీళ్లలో మరిగిస్తే ఎరుపంతా నీళ్లలోకి దిగింది, ఆకు పచ్చగా బయటపడింది. వేడినీళ్ల గిన్నెలో పెట్టిన స్పిరిట్‌లో ఆ పచ్చరంగు కూడా తీసేసి అయోడిన్ వేస్తే నీలినలుపుకు తిరిగింది. వెంటనే వెనక బెంచీ అబ్బాయి: "ఎరుపు నీళ్లలోనే కరిగింది, పచ్చరంగు స్పిరిట్ దాకా ఎందుకు కరగలేదు?"

ఇది పరీక్ష హాల్లో పుట్టే ప్రశ్న కాదు సార్. ల్యాబ్ రికార్డులో పిల్లలు తాము అడిగింది, తేల్చుకున్న తీరు రాస్తే ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే బడిలోనే టీచర్లు వేసే) మార్కులు అక్కడ ఇద్దాం.

ఫిజిక్స్ టీచర్:
తోటకూర ప్రయోగం మా బడిలోనూ చేయిస్తాం. కానీ ఎఫ్.ఏ.లో చాలాచోట్ల అందరికీ ఇరవైకి ఇరవై పడుతుంటే ఆ పాప ప్రశ్నకూ గైడు ప్రశ్నకూ తేడా ఎవరు చూస్తారు మేడం? రికార్డును పక్క బడి టీచరు దిద్దే ఏర్పాటు ఉంటే మీతో కలుస్తాను. అందాకా పబ్లిక్‌లో ఆ మార్కులు ఉండాల్సిందే, నెఫ్రాలజిస్టు మాత్రం వద్దు.