ఇండియానా కాలేజీ ఫుట్‌బాల్ 11-2 సీజన్: కోచ్ ప్రతిభా, షెడ్యూల్ కలిసొచ్చిందా?

ప్రశ్న – బ్లూమింగ్టన్ ఎమ్మెస్

నేను ఇండియానా యూనివర్సిటీలో చేరిన 2023లో మన అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ 3 గెలిచి 9 ఓడింది, సెకండాఫ్‌కి స్టేడియంలో ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. మరుసటి ఏడాది కర్ట్ సిగ్నెట్టి కోచ్‌గా వచ్చారు, వరసగా 10 గెలిచాం, జాతీయ టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్ కూడా ఆడాం, చివరికి 11 గెలుపులు, 2 ఓటములు. ఇండియానా ఒక సీజన్‌లో 10 మ్యాచ్‌లు గెలవడమే మొదటిసారి. కానీ నా రూమ్మేట్ ఒహైయో స్టేట్ అభిమాని, "చిన్న టీముల మీద గెలిచారు, గట్టివాళ్లు ఎదురైన రెండుసార్లూ ఓడిపోయారు" అంటున్నాడు. 38-15, 27-17 స్కోర్లు చూపిస్తే ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆట బాగా తెలిసినవాళ్లు చెప్పండి, ఈయన నిజంగా ఏం మార్చారు?

జవాబు – పాత హూజియర్

తమ్ముడూ, అంతకుముందు మన రికార్డు 9 గెలుపులు, అదీ 1945లో ఒకసారి, 1967లో ఒకసారి. ఇక ఏం మార్చారంటే, సిగ్నెట్టి ఒంటరిగా రాలేదు. అంతకుముందు తను కోచ్‌గా ఉన్న జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి తన ఆటగాళ్లను 13 మందిని వెంట తెచ్చుకున్నారు, డిఫెన్స్ చూసే హేన్స్, ఆఫెన్స్ చూసే షానహాన్ కూడా అక్కడివాళ్లే. లైన్‌బ్యాకర్ ఫిషర్, డిఫెన్సివ్ ఎండ్ కమారా, కార్నర్‌బ్యాక్ పాండ్స్, రిసీవర్ సరాట్... ఇలా వేర్వేరు చోట్ల ఆడే వీళ్లకి ఆయన పద్ధతి ముందే తెలుసు, కొత్త టీమ్‌కి మామూలుగా అలవాటు పడటానికే పట్టే ఏడాది మనకి మిగిలింది. ఆటగాళ్లు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అందరికీ ఉంది, కానీ పేరు చూసి కాకుండా ఇదివరకు ఆడి చూపించినవాళ్లనే ఎంచుకోవడం ఆయన గొప్పతనం అని నా నమ్మకం.

జవాబు – లైన్ చూసేవాడు

నేనూ ఇండియానా మనిషినే, కానీ మీ రూమ్మేట్ మాటలో కొంత నిజం ఉందండీ. మిషిగన్ మ్యాచ్ గుర్తు తెచ్చుకోండి, హాఫ్‌టైమ్‌కి 17-3తో ముందున్నాం, తర్వాత మూడంటే మూడే పాయింట్లు, 20-15తో గట్టెక్కాం. మన ఆఫెన్సివ్ లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరే ముఖ్య ఆటగాణ్ని కాపాడే ముందు వరస) అక్కడే తడబడింది, రెండు వారాల తర్వాత వాళ్ల ఊరు కొలంబస్‌లో ఒహైయో స్టేట్ దాన్నే పట్టుకుని మన క్వార్టర్‌బ్యాక్ రూర్క్‌ని ఐదుసార్లు సాక్ చేసింది, అంటే బంతి విసిరేలోపే పడగొట్టింది. మొదటి టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటిస్తే వచ్చే ఆరు పాయింట్లు) మనదే అయినా, పంట్ వేసేటప్పుడు, అంటే బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి వదిలేసేటప్పుడు, జరిగిన పొరపాట్లు వాళ్లకి రెండు టచ్‌డౌన్లు ఇచ్చాయి. ప్లేఆఫ్‌లో నోటర్ డామ్ మీదైతే 27-3తో వెనకబడ్డాక చివరి నిమిషాల్లో రెండు టచ్‌డౌన్లు వచ్చాయి కాబట్టి ఆ స్కోరు దగ్గరగా కనిపిస్తుంది. వాళ్ల జెరమాయా లవ్ 98 గజాలు పరిగెత్తుతుంటే టీవీ ముందు లేచి నిలబడిపోయాను, చాలా బాధేసింది. కోచ్‌ని తక్కువ చేయడం లేదు, లైన్‌లో ఇంకా ఇద్దరు ముగ్గురు గట్టివాళ్లు కావాలి అంతే.

జవాబు – శనివారం మనిషి

లైన్ సంగతి ఒప్పుకుంటా. కానీ షెడ్యూల్ అన్న మాట మాత్రం ఒప్పుకోను, దాన్ని వేసింది సిగ్నెట్టి కాదు కదా. 2023 సీజన్ ఫైనల్ ఆడింది మిషిగన్, వాషింగ్టన్. ఇద్దరినీ బ్లూమింగ్టన్‌లో ఓడించాం. వాళ్ల కోచ్‌లు, క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లిపోయిన మాట నిజమే, కానీ కోచ్ మారింది మనకీ కదా! వాషింగ్టన్ మ్యాచ్‌లో బొటనవేలి దెబ్బతో రూర్క్ కూడా లేడు, అయినా 31-17. మనం ఓడిన రెండూ బయటి మైదానాల్లోనే, ఒహైయో స్టేట్, నోటర్ డామ్ చేతుల్లో. 2025 జనవరిలో ఫైనల్ ఆడింది ఆ రెండు టీములే, ఒహైయో స్టేట్ 34-23తో గెలిచింది. మీ రూమ్మేట్‌కి ఇది చెప్పండి.

ప్రశ్న అడిగినవాడు

ఆ రెండూ ఫైనల్ ఆడిన టీములే అన్న సంగతి ఇలా కలిపి ఆలోచించలేదు, చాలా థ్యాంక్స్. రూర్క్ తెగిపోయిన మోకాలి లిగమెంట్‌తోనే సీజనంతా ఆడాడని తర్వాత బయటపడింది కదా, అది చదివినప్పటి నుంచి ఆ ఐదు సాక్‌లు తలుచుకుంటే నాకు ఇంకోలా అనిపిస్తోంది. ఈ రాత్రే రూమ్మేట్‌తో కూర్చుంటా.