‘కు’ ఉన్న చోటల్లా ‘టు’ రాదా? ఇంగ్లీషు నామవాచకాల ప్రిపోజిషన్లపై సందేహం

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. పని ఆలస్యం కావడానికి కారణం వివరిస్తూ నేను రాసిన లేఖలో ‘రీజన్ టు ది డిలే’ అన్న మాటను మా పై అధికారి ‘రీజన్ ఫర్’ అని దిద్దారు. అదే లేఖలోని ‘సొల్యూషన్ టు ది ప్రాబ్లమ్’ మాత్రం సరిగానే ఉందన్నారు. తెలుగులో ‘ఆలస్యానికి కారణం’, ‘సమస్యకు పరిష్కారం’ అని రెండు చోట్లా ఒకే విభక్తి ఉండగా ఇంగ్లీషులో ఈ తేడా ఎందుకో దయచేసి వివరించగలరు.

జవాబు: మీ తికమకకు మూలం ఆ విభక్తిలోనే ఉందండీ. మన ‘కు’ ఒక్కటే చేసే పనిని ఇంగ్లీషులో టు, ఫర్, ఆఫ్ పంచుకుంటాయి. వాటిలో ఏది రావాలో ముందున్న నామవాచకాన్ని బట్టి ఉంటుంది. ఆలస్యానికి కారణాన్నే ‘రీజన్’ అంటే ‘ఫర్’ వస్తుంది, ‘కాజ్’ అంటే ‘ఆఫ్’ వస్తుంది. సొల్యూషన్, ఆన్సర్, డ్యామేజ్ అనే మాటల తరువాత ‘టు’. డిమాండ్, నీడ్, రెస్పెక్ట్ అనే వాటి తరువాత ‘ఫర్’. ఇంటి తాళంచెవి కూడా ‘ది కీ టు ది హౌస్’ అవుతుంది.

‘మీద’ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. సంగీతం మీద ఆసక్తి ‘ఇంట్రెస్ట్ ఇన్ మ్యూజిక్’, అప్పు మీద వడ్డీ ‘ఇంట్రెస్ట్ ఆన్ ది లోన్’. ఉద్యోగ దరఖాస్తులో ‘ఇంట్రెస్ట్ ఆన్ టీచింగ్’ అని రాసిన పిల్లలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వారికి ఆ పని మీద నిజంగానే ఇష్టం ఉంటుంది. ‘ఇంక్రీజ్’ తరువాత పెరిగిన వస్తువుకు ‘ఇన్’, పెరిగిన మొత్తానికి ‘ఆఫ్’ వాడాలి: ‘యాన్ ఇంక్రీజ్ ఆఫ్ 5 పర్సెంట్ ఇన్ ప్రైసెస్’.

ప్రశ్న: మరి ‘డిస్కషన్ అబౌట్’ ఒప్పయినప్పుడు ‘డిస్కస్ అబౌట్’ ఎందుకు తప్పు?

జవాబు: ‘డిస్కస్’ సకర్మక క్రియ కనుక దాని తరువాత కర్మ నేరుగా వస్తుంది, నామవాచకానికి ఆ వీలు లేదు కాబట్టి ప్రిపోజిషన్ కావాలి. ‘దే డిమాండెడ్ ఎ రిఫండ్’ అని రాసే మనమే ‘దెయిర్ డిమాండ్ ఫర్ ఎ రిఫండ్’ అని రాయవలసి రావడం ఇందువల్లనే. కొత్త నామవాచకం ఎదురైనప్పుడు దాని ప్రిపోజిషన్‌తో కలిపి ఒకే మాటగా నోటుపుస్తకంలో రాసుకోండి. విద్యార్థుల కోసం తయారైన మంచి నిఘంటువులు ఈ జతలను ఉదాహరణలతో చూపుతాయి.

ప్రశ్న: ధన్యవాదాలండీ. లేఖను ‘ది రీజన్ ఫర్ ది డిలే వాజ్ ఎ ల్యాక్ ఆఫ్ స్టాఫ్’ అని మార్చాను. సరిపోయిందా?

జవాబు: సరిపోయింది. ‘వుయ్ ల్యాక్ స్టాఫ్’ అని క్రియగా వాడితే మాత్రం ఆ ‘ఆఫ్’ తీసివేయండి.