ఆరోగ్యంగా ఉన్న మనిషికి పన్నెండుకు తొమ్మిదే వచ్చింది. హెచ్‌ఐవీ, మెదడు మీద పరిశోధన ఎక్కడ నేర్చుకోవాలి?

పరిశోధక విద్యార్థిని, గుంటూరు:
అందరికీ నమస్కారం. బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీలో చేరి ఎనిమిది నెలలైంది. హెచ్‌ఐవీ మెదడును ఎలా దెబ్బతీస్తుందన్నదే నా అంశం. మా గైడుగారిది వైరాలజీ, మనుషులకు జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టడం ఆయనకూ కొత్తే. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చే నూరుమందికి అంతర్జాతీయ హెచ్‌ఐవీ డిమెన్షియా స్కేలు (మేధాశక్తి తగ్గిందేమో చూసే పన్నెండు మార్కుల చిన్న పరీక్ష) పెట్టి, పది లేదా అంతకు తక్కువ వచ్చినవారిని మెదడు దెబ్బతిన్నవారిగా లెక్కించాలనుకున్నాను. సాధన కోసం మా వీధి పిన్నిగారికి పెట్టి చూశాను. ఆవిడ మిర్చికి తొడిమలు తీసే పనికి వెళ్తారు, ఏ జబ్బూ లేదు. తొమ్మిది వచ్చింది! నేను ఎక్కడ తప్పు చేశాను?

నరాల వైద్యుడు, విజయవాడ:
మార్కులు ఎక్కడ పోయాయో విడివిడిగా చెప్పమ్మా.

విద్యార్థిని:
కుక్క, టోపీ, చిక్కుడు, ఎరుపు నాలుగూ గుర్తుంచుకున్నారు, నాలుగు మార్కులు. పిడికిలి, అరచెయ్యి, చెయ్యి అంచు వరస పది సెకన్లలో మూడుసార్లు చేశారు, మూడు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు ఐదు సెకన్లలో తొమ్మిదిసార్లే కలిపారు, రెండు. ‘వేళ్లు మండుతున్నాయమ్మాయ్’ అని నవ్వారు కూడా.

నరాల వైద్యుడు:
చూశావా, మిర్చి ఘాటును మెదడు జబ్బుగా రాయబోయావు. ఆ స్కేలు జల్లెడ మాత్రమే, రోగనిర్ధారణ కాదు. హెచ్‌ఐవీ వల్ల మేధాలోపం ఉందనాలంటే, 2007 నాటి ప్రమాణాల ప్రకారం జ్ఞాపకం, ధ్యాస వంటి మేధాశక్తుల్లో కనీసం రెండింటిలో, అదే వయసు, అదే చదువు ఉన్నవారి సగటు కంటే ఒక ప్రామాణిక విచలనమైనా (మార్కులు సగటుకు మామూలుగా ఎంత అటూఇటూ ఉంటాయో చెప్పే కొలత) తగ్గాలి. ఆ సగటు ఎవరిది? వేరే దేశంలో కాలేజీ చదివినవారిది తెచ్చి మన కూలీలకు పెడితే నువ్వు కొలిచేది వైరస్‌ను కాదు, బడికి వెళ్లని ఏళ్లను. అందుకే ముందు హెచ్‌ఐవీ లేనివారితో మరో జట్టు కూర్చు: అవే ఊళ్లు, అదే పని, అంతే చదువు. అక్షరాలు రానివారికి అక్షరాలు కలిపే పరీక్షలు వద్దు, అంకెలు గుర్తుపట్టగలిగితే రంగులూ అంకెలూ కలిపేవి ఉన్నాయి. బీ12 లోపం, థైరాయిడ్, సిఫిలిస్, మద్యం, కుంగుబాటు, పాత క్షయ మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ఉన్నాయేమో చూడకుండా ఏ మార్కునూ నమ్మకు.

ఏఆర్‌టీ కౌన్సిలర్‌గా పనిచేసిన వ్యక్తి, గుంటూరు:
ఒక్క మాట చేరుస్తాను. రేపల్లె నుంచి తొలి రైలుకు వచ్చి, ఏమీ తినకుండా వరసలో నిల్చున్న మనిషికి పదకొండు గంటలకు పరీక్ష పెడితే ఎవరికైనా తక్కువే వస్తుంది. కాస్త టిఫిన్ పెట్టించి, కూర్చోబెట్టి అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతితో పాటు రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అనుమతి కూడా ముందే అడగండి, దానికి నెలలు పడుతుంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం పరిశోధనకు కూడా ఎరుకతో కూడిన సమ్మతి తప్పనిసరి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఎవరు ఎత్తుతారో తెలియదు. ఏ పేరుతో, ఏ వేళకు చేయాలో వారినే అడిగి రాసుకోండి. ఇరుగుపొరుగు చూస్తారని పక్క జిల్లాకు వెళ్లి మందులు తెచ్చుకునేవారిని నేను చూశాను.

ప్రయోగశాల నుంచి ఒకరు:
మీ చదువుకు దగ్గరి దారి ఇంకొకటి ఉంది. వైరస్ న్యూరాన్లలోకి, అంటే నాడీకణాల్లోకి, దాదాపు వెళ్లదు. సోకిన మోనోసైట్లతో (ఒక రకం తెల్లరక్తకణాలు) మెదడులోకి చేరి, మెదడులోని రక్షణకణాలైన మైక్రోగ్లియాలో, రక్తనాళాల చుట్టూ ఉండే మాక్రోఫేజ్‌లనే రక్షణకణాల్లో స్థిరపడుతుంది. టాట్, జీపీ120 వంటి వైరస్ ప్రొటీన్లూ, వాపు కలిగించే రసాయనాలూ న్యూరాన్లను దెబ్బతీస్తాయి. మన దేశంలో ఎక్కువగా ఉన్నది హెచ్‌ఐవీలో సబ్‌టైప్ సి అనే రకం. ఈ రకం టాట్‌లో 31వ స్థానంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ఎక్కువగా సెరిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంటుందని, దానివల్ల మోనోసైట్లను ఆకర్షించే శక్తి తగ్గుతుందని 2004లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అయినా మన రోగుల్లో మేధాలోపాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఎందుకన్నది మంచి ప్రశ్న.

నేర్చుకోవడానికి నా సలహా: ఒకే చోట అన్నీ దొరకవు, ఇద్దరు గైడ్లు కావాలి. పరీక్షలు పెట్టడం బెంగళూరులోని నిమ్హాన్స్‌లో (మానసిక, నరాల వైద్య సంస్థ) న్యూరోసైకాలజీ వాళ్ల పక్కన కూర్చుని చూడండి. వైరస్ పనికి బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రం, పుణెలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి ఎయిడ్స్ పరిశోధన సంస్థ ఉన్నాయి. మీ పరీక్ష ఫలితాల పట్టిక ఒక పేజీ జతచేసి రాయండి. ‘ఆసక్తి ఉంది’ అని మాత్రమే రాస్తే జవాబు రాదు, నా అనుభవం అది.

వైద్య విద్యార్థి, విజయవాడ:
ఎంబీబీఎస్ చదువుతూ ఇందులోకి రావచ్చా?

నరాల వైద్యుడు:
ఐసీఎంఆర్ స్వల్పకాలిక పథకంలో రెండు నెలల చిన్న పని చేయవచ్చు. మందుల మీద చూడు. ఉదాహరణకు ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు తీసుకున్నవారిలో చాలామందికి తలతిరుగుడు, వింత కలలు వస్తాయి. మందుది ఏది, వైరస్‌ది ఏది అన్నది విడదీయడమే పెద్ద పని.

విద్యార్థిని:
అందరికీ కృతజ్ఞతలు. నూరుమంది ఆలోచన పక్కన పెట్టాను. పిన్నిగారితో పాటు పనికి వెళ్లే ఇరవైమందితో మొదలుపెడతాను. వాళ్లకు పని లేని రోజు, వేళ్ల మంట తగ్గాక.

నరాల వైద్యుడు:
పిన్నిగారికి మళ్లీ పెట్టేటప్పుడు నాలుగు మాటలూ మార్చమ్మా. పాతవి ఆవిడకు ఇప్పటికీ గుర్తే ఉంటాయి.