సంచి బయటి నీళ్లే ఎక్కువ మెరుస్తున్నాయి, నా కార్బన్ డాట్లు ఏమైనట్టు?

గూడూరు పిల్ల:
అందరికీ నమస్తే. చెన్నైలో పీహెచ్‌డీ, రెండో ఏడు. పని కార్బన్ డాట్ల మీద, అంటే కాంతి పడితే వెలిగే, కొన్ని నానోమీటర్ల కార్బన్ రేణువులు. సిట్రిక్ యాసిడ్, ఇథిలీన్‌డయామిన్ నీళ్లలో కలిపి, ఆటోక్లేవ్‌లో (గట్టిగా మూసి వేడిచేసే పాత్ర) 200 డిగ్రీల దగ్గర 5 గంటలు ఉంచాను. టీ డికాషన్ రంగులో వచ్చింది. 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే నీలంగా ఎంత వెలుగో! వీడియో తీసి అమ్మకు కూడా పంపా. "బట్టలకు పెట్టే నీలిమందులా ఉందే" అంది.

తర్వాత 1000 డాల్టన్ల (అణువు బరువు కొలత) డయాలిసిస్ సంచిలో, అంటే అంతకంటే చిన్న అణువుల్ని బయటికి వదిలేసే సంచిలో పోసి, నీళ్ల బీకరులో వేశా. తెల్లారి చూస్తే సంచిలో కంటే బయటి నీళ్లే ఎక్కువ మెరుస్తున్నాయి. సంచి మార్చినా అదే కథ. పైగా మైక్రోస్కోపు కింద, డాట్లు వేయని హీలా కణాలు (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) కూడా నీలంగానే కనిపించాయి. సోమవారం గ్రూప్ మీటింగ్. ఒకటే టెన్షన్.

తరమణి కుర్రోడు:
ముడి దగ్గర కారుతోందేమో చూశారా?

గూడూరు పిల్ల:
నీళ్లు నింపి పిండి మరీ చూశా. చుక్క కారలేదు.

ఆటోక్లేవ్ అన్న:
సంచి తప్పేం లేదు చెల్లీ. సిట్రిక్ యాసిడ్, ఇథిలీన్‌డయామిన్ కలిస్తే ఐపీసీఏ అనే చిన్న అణువు కూడా పుడుతుంది. బరువు 180 డాల్టన్లే, సంచిలో ఎందుకు ఆగుతుంది? బాగా వెలిగేది కూడా అదే. 2013లో ఈ జంటతోనే దాదాపు 80 శాతం క్వాంటమ్ యీల్డ్ (పీల్చుకున్న కాంతిలో తిరిగి వెలుగుగా వచ్చే వాటా) అని పేపర్ రాగానే అందరం ఎగబడ్డాం. 2015లో ఈ అణువు సంగతి బయటపడింది. నా థీసిస్‌లో ఒక చాప్టర్ దానివల్లే తిరగరాశా, ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బయటి నీళ్లు మెరవడం ఆగేదాకా మారుస్తూ ఉండు, రెండు మూడు రోజులు పడుతుంది. ఆ తర్వాతే యీల్డ్ ముందే తెలిసిన క్వినైన్ సల్ఫేట్‌తో పోల్చి యీల్డ్ కొలువు, అబ్జార్బెన్స్ (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందనే కొలత) 0.1 దాటనివ్వకు. టీఈఎం అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చుక్కలు కనిపించినంత మాత్రాన వెలిగేవి అవేనని రాసెయ్యకు. అసలు ఈ డాట్లే 2004లో కార్బన్ నానోట్యూబుల (అతి సన్నటి కార్బన్ గొట్టాలు) మసిని శుద్ధి చేస్తుంటే అనుకోకుండా దొరికాయి. వీటిలో శుద్ధే సగం పని.

కన్ఫోకల్ కాపలాదారు:
కణాల సంగతి నేను చెప్తా. కణంలో ఉండే ఎన్‌ఏడీహెచ్ అనే అణువుకి సొంత వెలుగు ఉంది, 460 నానోమీటర్ల చుట్టూ. మీ డాట్లూ అక్కడే. డాట్లు వేయని కణాలను ముందు పెట్టి, అవి నల్లగా కనిపించేదాకా లేజరు, గెయిన్ (డిటెక్టర్ సున్నితత్వం) తగ్గించి, ఇక వాటిని ముట్టుకోకండి. అవే సెట్టింగులతో డాట్లు వేసినవి చూడండి. కణాల నీలంతో కలవకుండా ఎర్రటి వెలుగు కావాలంటే పారా-ఫినిలీన్‌డయామిన్‌ను ఇథనాల్‌లో 180 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచే పద్ధతి ఉంది. జుట్టు రంగుల్లో వాడేదే, చర్మానికి పడదు, గ్లోవ్స్ లేకుండా తాకొద్దు. మిగిలిపోయినది కణాలకూ విషమే, ఎంటీటీ టెస్టు (కణాలు బతికున్నాయో లేదో చూసేది) మానొద్దు.

గూడూరు పిల్ల:
మూడు రోజులు నీళ్లు మార్చా. సంచిలో ఇప్పుడు టార్చి వేసి కళ్లు చికిలించి చూస్తే కనిపించేంత వెలుగే మిగిలింది. మీటింగ్‌లో ఉన్నదున్నట్టు చూపించా. సార్ తిట్టలేదు. "బయటి నీళ్లు ఆరబెట్టి అందులో ఏముందో చూడు" అన్నారు. మొదటి రెండు బీకర్లు సింకులో పోసేశానని ఇంకా చెప్పలేదు.