టెక్సస్ క్యారీ లైసెన్స్ షూటింగ్ పరీక్ష: రివాల్వర్‌తో ఇవ్వాలా, సెమీ ఆటోమేటిక్‌తోనా?

వనజ_డెంటన్:
అందరికీ నమస్కారం. మాది డాలస్‌కి ఉత్తరాన చిన్న గ్యాస్ స్టేషన్. రాత్రి పదకొండింటికి మూసి, ఆ రోజు క్యాష్ పట్టుకుని నేనూ మా ఆయనా ఇంటికి బయల్దేరతాం. పోయిన నెల మా పక్క వీధి కొట్టువాళ్ళని పార్కింగ్‌లోనే ఆపి దోచుకున్నారు. అప్పట్నుంచి రోజూ ఆ పది నిమిషాలూ టెన్షనే. ఇద్దరికీ సిటిజన్‌షిప్ వచ్చి మూడేళ్ళయింది. క్యారీ లైసెన్స్ (ఎల్‌టీసీ) తీసుకుందామని క్లాసు ఆన్‌లైన్‌లో పూర్తి చేశాం. షూటింగ్ పరీక్ష ఇంకో మూడు వారాల్లో.

నాకు 52 ఏళ్ళు, బొటనవేళ్ళ కీళ్ళు నొప్పి. షాపులో సెమీ ఆటోమేటిక్ (తూటాలు మ్యాగజైన్ అనే పెట్టెలో పెట్టి పిడిలోకి తోసే రకం) చేతికిచ్చి స్లైడ్, అంటే పైన వెనక్కి జరిగే భాగం, లాగమంటే నాలుగో ప్రయత్నానికి కదిలింది. రివాల్వర్ అయితే సిలిండర్ తెరిచి తూటాలు పెట్టి మూసేయడమే. నాకదే నచ్చింది. మా ఆయన మాత్రం "సెమీతో పాసైతే లైసెన్స్ మీద రెండూ వస్తాయి, రివాల్వర్‌తో ఇస్తే జన్మంతా రివాల్వరే" అంటున్నారు. ఎవరో ఫ్రెండు చెప్పాడట. నిజమేనా? నిజం కాకపోతే నేను దేంతో ఇవ్వాలి?

పాతకాపు_హ్యూస్టన్:
అమ్మా వనజా, మీ ఆయన ఫ్రెండు 2013 దగ్గరే ఆగిపోయాడు. అప్పట్లో నిజమే. లైసెన్స్ మీద ఎస్ఏ అనో ఎన్ఎస్ఏ అనో ముద్ర ఉండేది. సెమీతో పరీక్ష ఇస్తే ఎస్ఏ, దాంతో ఏదైనా పెట్టుకోవచ్చు. రివాల్వర్‌తో ఇస్తే ఎన్ఎస్ఏ, సెమీ పెట్టుకుంటే నేరం. నేను 2009లో మా ఇన్‌స్ట్రక్టర్ మాట విని రివాల్వర్‌తో ఇచ్చాను. ఆ ముద్ర సంగతి ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. రెండేళ్ళకి గ్లాక్ అనే సెమీ కొన్నాక తెలిసింది, మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ పరీక్ష. ఆ తేడాని 2013 సెప్టెంబర్ 1 నుంచి ఎత్తేశారు. ఇప్పుడు దేంతో పాసైనా ఏ హ్యాండ్‌గన్ అయినా పెట్టుకోవచ్చు. .32 కంటే చిన్న క్యాలిబర్ (తూటా సైజు) పరీక్షకి పనికిరాదన్న రూలు కూడా 2017లో పోయింది.

కాబట్టి నీకు నచ్చిన రివాల్వర్‌తోనే ఇచ్చెయ్యి. ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. పేలకపోతే మళ్ళీ నొక్కు, తర్వాతి తూటా వస్తుంది. సెమీలో తూటా ఇరుక్కుంటే అర్ధరాత్రి పార్కింగ్‌లో దాన్ని సరిచేస్తూ కూర్చుంటావా?

సుజాత_రేంజ్:
వనజ అక్కా, నేను వారాంతాల్లో ఒక షూటింగ్ రేంజ్‌లో సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేస్తాను. పాతకాపు గారు చట్టం గురించి చెప్పింది అక్షరాలా కరెక్ట్. సలహా దగ్గరే నాకు అభ్యంతరం.

ముందు పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. మొత్తం 50 తూటాలు. 3 గజాల దూరం నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మనిషి ఆకారం ఉన్న బీ-27 టార్గెట్. మధ్య వలయాల్లో పడితే 5 పాయింట్లు, దాని బయట 7 అంకె ఉన్న వలయంలో 4, అదీ దాటి ఆకారం లోపల ఎక్కడ పడినా 3. మొత్తం 250కి 175 రావాలి. అంటే యాభైకి యాభై తూటాలూ ఆకారం మీదే పడినా, అన్నీ అంచుల్లోనే పడితే 150. ఫెయిల్. చాలామంది "మనిషంత టార్గెట్, అది కూడా కొట్టలేమా" అనుకుని వస్తారు.

ఇక మీ వేళ్ళ సంగతి. స్లైడ్ మొదటి మ్యాగజైన్‌కి ఒక్కసారి లాగితే చాలు. తూటాలు అయిపోయాక స్లైడ్ దానంతట అదే వెనక ఆగుతుంది, కొత్త మ్యాగజైన్ పెట్టి మీట నొక్కితే మూసుకుంటుంది. రివాల్వర్‌లో డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ (వెనకున్న హ్యామర్‌ని, అంటే తూటాని కొట్టే సుత్తిని, తానే లేపి వదిలేది) బరువు పది, పన్నెండు పౌన్లు. ఆ బరువుని యాభై సార్లు లాగాలి. షాపులో ఖాళీ రివాల్వర్ రెండుసార్లు నొక్కి "హాయిగా ఉంది" అన్నవాళ్ళే ముప్పయ్యో తూటాకి చెయ్యి విదిలించుకోవడం నేను ప్రతి వారం చూస్తాను.

పాతకాపు_హ్యూస్టన్:
హ్యామర్ వెనక్కి లాగి కాల్చొచ్చు కదా తల్లీ, అప్పుడు ట్రిగ్గర్ వెన్నలా ఉంటుంది.

సుజాత_రేంజ్:
హ్యామర్ లాగేది బొటనవేలితోనే కదా బాబాయ్ గారూ. ఆవిడకి నొప్పి అక్కడే. పైగా 3 గజాల దగ్గర ఒక్కో తూటాకి రెండు సెకన్లకి మించి ఇవ్వరు. జేబులో పెట్టుకునే రివాల్వర్లలో చాలావాటికి బయటికి హ్యామరే ఉండదు.

మదనపల్లె_మామ:
మన దేశంలో ఈ గొడవే లేదు. 9 ఎంఎం నిషేధిత బోర్, మామూలు మనిషికి లైసెన్సే ఇవ్వరు. కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ దొరికితే అదే మహాభాగ్యం. 2014లో ఆడవాళ్ళ కోసమని అదే .32లో నిర్భీక్ అని తెచ్చారు, అర కిలో బరువు. చెల్లెమ్మకి అలాంటి తేలికైనది సరిపోతుంది కదా?

సుజాత_రేంజ్:
మామ గారూ, "ఆడవాళ్ళకి తేలికైనది" అన్న మాటే అందరి కొంపా ముంచుతోంది. తుపాకీ తేలికయ్యేకొద్దీ చేతిని గట్టిగా తంతుంది. .32 కాబట్టి నిర్భీక్‌లో తన్ను కాస్త తక్కువే ఉండొచ్చు. ఇక్కడ షాపువాళ్ళు అక్కకి చూపించేది మాత్రం .38 స్పెషల్ రివాల్వర్, పదిహేను ఔన్సుల లోపు, రెండంగుళాల గొట్టం. అది అనుభవం ఉన్నవాళ్ళ తుపాకీ. గొట్టం పొట్టి కాబట్టి ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం తక్కువ, చిన్న వణుకు కూడా 15 గజాల దగ్గర జానెడు తేడా అవుతుంది. అదే నాలుగంగుళాల గొట్టంతో, రెండు పౌన్లకి పైన బరువుండే పాతకాలపు .38 అయితే బంగారం. కానీ అది పర్సులో పట్టదు.

ప్లానో_పోరడు:
అక్కా, మీరంతా దీన్ని పెద్దది చేస్తున్నరు. పరీక్ష పరీక్షే. నేను రేంజ్‌లో పెద్ద సైజు 9 ఎంఎం అద్దెకు తీసుకున్న, 238 వచ్చింది, కార్డు ఇంటికొచ్చింది. జేబులో పెట్టుకునేది వేరే, చిన్నది. చట్టమే తేడా లేదన్నాక ఏది తేలికైతే దాంతో పాసై బయటపడాలె. కారు లైసెన్స్‌కి చిన్న కారు తీసుకుపోయి తర్వాత ట్రక్కు నడపమా?

సుజాత_రేంజ్:
ఆ చిన్నదాంతో ఎన్ని తూటాలు కాల్చావు తమ్ముడూ?

ప్లానో_పోరడు:
ఒక డబ్బా.

సుజాత_రేంజ్:
ఒక డబ్బా అంటే యాభై. కొన్నప్పటినుంచీ.

పాతకాపు_హ్యూస్టన్:
ఇక్కడ మాత్రం నేను సుజాత పక్షం. ప్లానో బాబూ, ఈ పరీక్షలో హోల్‌స్టర్ (నడుముకి కట్టుకునే ఒర) లోంచి తుపాకీ తీయడం కూడా లేదు. చేతిలో పట్టుకుని నిలబడ్డాకే మొదలవుతుంది. పాసవ్వడానికి పెట్టిన గీతే చాలా కింద ఉంది. దాన్ని కూడా అద్దె తుపాకీతో దాటితే నీ దగ్గరున్న తుపాకీతో నువ్వు ఎంత కొట్టగలవో నీకే తెలియదు. అయినా కార్డు ముందు తెచ్చుకోవడం తప్పు అనను. కార్డు రాకుండా సాధన మాత్రమే చేస్తూ కూర్చున్నవాళ్ళనీ చూశాను.

సందేహాల_సుబ్బు:
మధ్యలో రెండు డౌట్లు. ఒకటి, 2021 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో లైసెన్స్ లేకుండానే పెట్టుకోవచ్చు కదా, మరి ఈ 40 డాలర్ల ఫీజూ ఈ పరీక్షా ఎందుకు? రెండు, నేను హెచ్1బీ మీద ఉన్నాను. అక్క వాళ్ళతో సరదాగా రేంజ్‌కి వెళ్ళి ఒకసారి కాల్చి చూడొచ్చా?

సుజాత_రేంజ్:
రెండోది ముందు. వద్దు. హెచ్1బీ, ఎఫ్1, విజిటర్ ఇలా నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. రేంజ్‌లో అద్దెది చేతిలో పట్టుకున్నా అదే లెక్క. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది గానీ, లాయర్‌ని అడక్కుండా దాని మీద ఆధారపడకు. సరదా కోసం గ్రీన్ కార్డు వచ్చే అవకాశం పోగొట్టుకోకు. గ్రీన్ కార్డు వచ్చాక నువ్వూ లైసెన్స్‌కే అప్లై చేసుకోవచ్చు. వనజ అక్కా, మీ ఇంటికి ఇండియా నుంచి అత్తగారో అమ్మగారో వస్తే తుపాకీ లాకర్‌లో, తాళం మీ దగ్గర. ఇది గుర్తుంచుకోండి.

మొదటిది: స్కూలుకి వెయ్యి అడుగుల లోపల తుపాకీతో తిరగకూడదని ఫెడరల్ రూలు. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉంటే అది వర్తించదు. అక్క ఇంటికెళ్ళే దారిలో ఎన్ని స్కూళ్ళున్నాయో లెక్కేసుకో. న్యూ మెక్సికో లాంటి చోట్ల టెక్సస్ కార్డు చెల్లుతుంది. ఇంకో తుపాకీ కొనేటప్పుడు ఫోన్‌లో బ్యాక్‌గ్రౌండ్ చెక్ కోసం ఆగక్కర్లేదు.

పాతకాపు_హ్యూస్టన్:
న్యూ మెక్సికో అంటే గుర్తొచ్చింది. అక్కడ వాళ్ళు ఇచ్చే లైసెన్స్ మాత్రం ఏ రకంతో, ఏ క్యాలిబర్‌తో పాసయ్యావో దాన్ని బట్టే. వనజ వాళ్ళాయన ఫ్రెండు అక్కణ్ణుంచి వచ్చినవాడేమో. అలా అయితే పాపం అతన్ని తప్పుపట్టను.

సుజాత_రేంజ్:
వనజ అక్కా, ఇక మీ పని. కొనకండి, ఏదీ కొనకండి. రేంజ్‌కి వెళ్ళి మూడు అద్దెకి తీసుకోండి: పొట్టి .38 రివాల్వర్, నాలుగంగుళాల .38, స్లైడ్ తేలిగ్గా కదిలే రకం సెమీ. షీల్డ్ ఈజెడ్ అని స్మిత్ అండ్ వెసన్‌ది ఉంది, .380లోనూ 9 ఎంఎంలోనూ వస్తుంది. మీరు .380 అడగండి. స్లైడ్‌ని రెండు వేళ్ళతో గిల్లినట్టు పట్టుకోవద్దు. అరచేతితో పైనుంచి కప్పి పట్టుకుని, తుపాకీ ఉన్న చేతిని ముందుకి తోయండి. మ్యాగజైన్‌లోకి తూటాలు నెట్టడానికి లోడర్ అడగండి, లేకపోతే బొటనవేళ్ళు అక్కడే అయిపోతాయి. మూడింటితోనూ పరీక్షలో లాగే యాభై చొప్పున, మధ్యలో ఒక రోజు గ్యాప్ ఇచ్చి. మణికట్టు వదులుగా పట్టుకుంటే సెమీ పేలిన తూటా ఖాళీ తొడుగుని సరిగ్గా బయటికి విసరదు, ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ఎలా తియ్యాలో ఇన్‌స్ట్రక్టర్‌ని అక్కడే చూపించమనండి.

ప్లానో_పోరడు:
నూట యాభై తూటాల ఖర్చుకి ఇంకో క్లాసు వస్తది. సరే, చెప్పిన మాట విననీయి.

వనజ_డెంటన్:
పది రోజుల తర్వాత వస్తున్నాను, అందరికీ థ్యాంక్స్. సుజాత చెప్పినట్టే చేశాను. పొట్టి రివాల్వర్‌తో 168. ఇరవయ్యో తూటాకే చూపుడు వేలు మొద్దుబారింది, 15 గజాల దగ్గర మూడు తూటాలు కాగితమే తాకలేదు. నాలుగంగుళాల దాంతో 231. నిజం చెప్తున్నా, దాన్ని వదల్లేక వదిలాను. ఈజెడ్‌తో 219, రెండుసార్లు ఇరుక్కుంది, రెండూ నా మణికట్టు తప్పేనట.

పాతకాపు బాబాయ్ గారూ, మీ మాట పూర్తిగా తీసెయ్యలేదు. నాలుగంగుళాలది మంచం పక్క లాకర్ కోసం కొంటున్నాను. పరీక్ష మాత్రం ఈజెడ్‌తోనే, ఎందుకంటే రాత్రి పదకొండింటికి నా దగ్గర ఉండేది అదే.

పాతకాపు_హ్యూస్టన్:
231 వచ్చినదాన్ని వదిలి 219 దాంతోనా? నాకైతే మింగుడుపడట్లేదు. కానీ ఎందుకో అర్థమైంది. గుడికి వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర 30.06 బోర్డు (లైసెన్స్ ఉన్నా దాచిన తుపాకీతో లోపలికి రావద్దనేది) ఉందేమో చూసుకో తల్లీ. ఉంటే కారులోనే తాళం వేసి వెళ్ళు.

సుజాత_రేంజ్:
మీ ఆయన గారి సంగతేంటి అక్కా? సెమీతోనే ఇవ్వాలన్నారుగా, ఏమైంది?

వనజ_డెంటన్:
ఆయనా యాభై కాల్చారు. 171. నాలుగు పాయింట్లు తక్కువ. ప్రస్తుతానికి ఇంట్లో ఎవరం ఆ ఊసెత్తడం లేదు.