పది నెలల కిందటి ఇప్ప గింజలు మొలకెత్తించే దారి ఉందా?

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డు ఊరు. మా చేని గట్టు మీది ఇప్పచెట్టు నిరుడు ఆగస్టు గాలివానకు వేళ్లతో సహా లేచిపోయింది. మొద్దు చిగురిస్తుందన్న ఆశ కూడా లేదు. దాని గింజలు మాత్రం నూనె కోసం జులైలో ఏరి, ఎండబెట్టి కుండలో దాచినవి మిగిలాయి.

జనవరిలో 30 గింజలు ఒక రాత్రి నానబెట్టి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన కవర్లలో అంగుళం లోతున పెట్టాను. 45 రోజులు చూసి తవ్వితే పప్పు నల్లబడి, ముక్కిన నూనె వాసన. మార్చిలో పెంకు తీసి మరో 20 తడి ఇసుకలో పెట్టాను. పదో రోజుకే బూజు. మార్చి ఎండ వల్లనా అనుకున్నాను, కానీ అవి పందిరి నీడలోనే ఉన్నాయి. ఇంకా 60 దాకా ఉన్నాయి. విరిచి చూస్తే కొన్నిటి పప్పు ఇంకా పచ్చగానే ఉంది.

నర్సరీలో వేరే ఇప్ప మొక్క ఇస్తామన్నారు. నాకు ఈ చెట్టు పిల్లే కావాలి. "చెట్టు చీకట్లో ఇస్తది, మనం తెల్లారి తీసుకోవాలె" అని నాయినమ్మ మొదటి దోసెడు పువ్వు దాని మొదట్లోనే పెట్టి, తర్వాతే గంపలో వేసేది. ఆ చోటు ఖాళీగా ఉంటే చూడలేకపోతున్నాను.

ఇలా ఎండబెట్టి దాచిన ఇప్ప గింజల్ని ఎవరైనా మొలకెత్తించారా, ఎలా?